టెంట్ల దగ్గర రాత్రి చప్పుడు: పక్కవాళ్ల నిద్ర చెడకుండా విడిది చేయడం ఎట్లా

కార్తీకం నుంచి మాఘం దాకా దక్షిణ తెలంగాణలో ఆరుబయట పడుకోవడానికి మంచి కాలం. వానలు వెనకబడతాయి, బండలకు వేడి విరుగుతుంది. సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున, నేరేడుగొమ్ము వైపు సాగర్ బ్యాక్‌వాటర్ దగ్గర, డిండి, కోయిల్‌సాగర్ పరిసరాల్లో శని, ఆదివారాలు టెంట్లు కనబడుతుంటాయి. తెల్లారి నిద్రలేని ముఖాలతో బయటికొచ్చినవాళ్లను కదిలిస్తే చలి గురించి చెప్పేది తక్కువ, పక్క టెంటు గురించి చెప్పేది ఎక్కువ.

రాత్రి పదిన్నరకు పోయి బతిమాలితే తగ్గే చప్పుడు కొంచెమే. టెంటు ఎక్కడ వేశాం, బండి ఎటు తిప్పి పెట్టాం, వంట ఎప్పుడు ముగించాం, ఎంతమందిమి ఎంత వెడల్పున కూర్చున్నాం అన్నవన్నీ పొద్దు గూకకముందే తేలిపోతాయి. డిసెంబర్‌లో ఇక్కడ ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. అందుకే సాయంత్రం నాలుగు, నాలుగున్నరకల్లా చోటికి చేరాలి. కింద చెప్పే పనుల్లో సగం వెలుతురు ఉంటేనే సాగుతాయి.

పక్కవాళ్లంటే ఎవరు

పక్క టెంటులో ఉన్నవాళ్లే పక్కవాళ్లని అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. కృష్ణ ఒడ్డున చేపలు పట్టేవాళ్లు సాయంత్రం వలలు వేసి, తెల్లారకముందే పుట్టి ఎక్కి తీయడానికి పోతారు. విశాఖ తీరం నుంచి వలస వచ్చిన మత్స్యకారులు స్థిరపడిన వైజాగ్ కాలనీ అయినా, సోమశిల అయినా అంతే. వాళ్లు రాత్రి ఎనిమిది, తొమ్మిదికల్లా పడుకుంటారు. మనకు సాయంత్రం మొదలయ్యే వేళకు వాళ్లకు సగం నిద్ర అయిపోతుంది.

పాలమూరు వైపు కోతలైన చేన్లలో గొల్లకుర్మలు గొర్రెల మంద పెడతారు. మంద ఎరువు కోసం రైతే వాళ్లను పిలిచి చేనిస్తాడు. రాత్రంతా గొర్రెలు ఒక్కచోట కుదురుగా ఉంటేనే కాపరికి నిమిషం కునుకు. పటాసు పేలినా, ఉన్నట్టుండి స్పీకర్ మోగినా మంద బెదిరి చెదురుతుంది. చీకట్లో చెదిరిన మందను కూడదీయడం ఎంత పనో, గొర్రెపిల్లలను పోగొట్టుకున్న కాపరికే తెలుసు. వేరుశనగ చేన్ల దగ్గర అడవిపందులు రాకుండా మంచె మీద కావలి పడుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లు పందులను చప్పుడును బట్టే పసిగడతారు. మన పాటల హోరులో వాళ్లకు ఏదీ వినబడదు.

అందుకే చోటు ఖాయం చేసుకునే ముందు చుట్టూ ఒక తిరుగుడు తిరగండి. మంద ఉందా, గుడిసె ఉందా, తండా ఎంత దూరం, ఒడ్డున పుట్టి బోర్లించి ఉందా చూడండి. పుట్టి ఉన్నదంటే తెల్లవారుజామున అక్కడికి మనిషి వస్తాడు. అతని దారిలో టెంటు, తాళ్లు ఉండొద్దు. కనబడ్డ పెద్దమనిషిని పలకరించి ఒక మాట అడగండి: "తాతా, ఈ రాత్రి ఈడ టెంటేసుకుంటం. నీకేమన్న ఇబ్బందా?" ఆ ఒక్క మాటకు మీకు చాలా సంగతులు తెలుస్తాయి. ఎటువైపు పాములెక్కువ, ఏ దారిన పశువులొస్తాయి, ఊళ్లో ఆ రాత్రి పెళ్లి ఉందా అన్నీ ఆయనే చెబుతాడు.

పెళ్లో, జాతరో ఉంటే మాత్రం సర్దుకోవలసింది మనమే. కార్తీకంలో కురుమూర్తి జాతర రోజుల్లో, మాఘంలో చెర్వుగట్టు బ్రహ్మోత్సవాలప్పుడు ఆ చుట్టుపక్కల నిశ్శబ్దం దొరకాలని కోరుకోవడం తప్పు. తేదీలు ముందే చూసుకుని వేరే దిక్కు పోవాలి. ఊరు తన పండుగ చేసుకుంటుంటే, ఒక్క రాత్రికి వచ్చినవాళ్లు ఫిర్యాదు చేయడం మర్యాద కాదు.

చప్పుడు ఎంత దూరం పోతుంది

టెంటు గుడ్డ వానను ఆపుతుంది, మంచును ఆపుతుంది, చప్పుడును ఆపదు. జిప్పు వేసుకుని లోపల గుసగుసలాడినా నాలుగు అడుగుల అవతల పడుకున్నవాళ్లకు మాట మాట వినబడుతుంది. కంటికి అడ్డం ఉంది కదా అని గొంతు తగ్గించరు చాలామంది. చెవికి అడ్డమేమీ లేదు.

అడ్డులేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ చప్పుడు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక బ్లూటూత్ స్పీకర్ మీటరు దూరంలో 85 డెసిబెల్స్ ఇస్తుందనుకోండి. 8 మీటర్ల దగ్గర 67, 16 దగ్గర 61, 32 దగ్గర 55, 64 దగ్గర 49, 128 దగ్గర 43. కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. అంటే ఆ చిన్న స్పీకర్ పక్కవాళ్లను తాకకుండా ఉండాలంటే వాళ్లు వంద మీటర్లకు పైగా దూరంలో ఉండాలి. ఏ టెంట్ల చోట కూడా అంత ఎడం ఉండదు. మామూలుగా మాట్లాడే గొంతు మీటరు దూరంలో 60 ఉంటుంది. 16 మీటర్ల దగ్గర అది 36కు పడిపోతుంది. మాటలకు ఎడం సరిపోతుంది, స్పీకర్‌కు టెంట్ల దగ్గర దొరికే ఎడం చాలదు. టెంట్లు ఎడంగా వేసుకుంటే పాటలు పెట్టుకోవచ్చనే లెక్క అందుకే తప్పుతుంది.

పగలు సరిపోయిన దూరం రాత్రి సరిపోదు. పగటి వేళ నేల దగ్గర గాలి వేడిగా, పైన చల్లగా ఉండి చప్పుడు పైకి వంగిపోతుంది. పొద్దుగూకి నేల చల్లబడ్డాక కింద చల్లగాలి, పైన దానికంటే వెచ్చటి గాలి నిలుస్తాయి. అప్పుడు చప్పుడు కిందికి వంగి నేలను అంటిపెట్టుకుని పోతుంది. దానికితోడు చలికాలం రాత్రి గాలి పడిపోయి, ఆకు కదలక, మన చప్పుడును మరుగుపరిచే మరో చప్పుడు ఉండదు. నీటి ఒడ్డున ఇంకా ఎక్కువ: అలలు లేని నీరు చప్పుడును పీల్చుకోదు, మధ్యలో చెట్టూ పొదా ఉండవు. అవతలి ఒడ్డున ఊరుంటే మీ నవ్వులు వాళ్ల వాకిట్లోకి పోతాయి.

గుట్టల దగ్గర బండలు చప్పుడును తిప్పికొడతాయి. దీనికి తేలిక పరీక్ష ఉంది. పొద్దు ఉండగానే మీరు కూర్చోబోయే చోట నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. సెకను తర్వాత తిరిగి వినబడితే బండ సుమారు 170 మీటర్ల దూరంలో ఉన్నట్టు. అంత స్పష్టంగా తిరిగొస్తే కూర్చునే చోటును పొదలు, మట్టికట్ట ఉన్న వైపుకు మార్చండి.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోండి. చలికాలం ఇక్కడ గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు నుంచి వీస్తుంది. గాలి పోయే దిక్కున చప్పుడు దూరం పోతుంది. కాబట్టి మీ వంట, ముచ్చట్ల చోటు పక్కవాళ్లకు పడమర, నైరుతి వైపున పెట్టుకోండి. పొగ కూడా వాళ్ల మీదికి పోదు.

చోటు, మేకులు, తాళ్లు

ఖాళీ ఉంటే పక్క టెంటుకు 15 మీటర్లు, అంటే ఇరవై అంగలు ఎడం ఇవ్వండి. అంత లేకపోతే కనీసం టెంటు తలుపు వాళ్లకు ఎదురుగా కాకుండా తిప్పండి. జిప్పు చప్పుడు, హెడ్‌లాంప్ వెలుగు రెండూ తలుపు వైపు నుంచే బయటికి వస్తాయి. నీటికి గానీ, మరుగుదొడ్డికి గానీ పోయే దారి ఇంకొకరి టెంట్ల మధ్య నుంచి పడకుండా చూడండి. రాత్రి రెండింటికి చెప్పుల టపటపలు, తాడు తగిలి పడటాలు అక్కడే జరుగుతాయి. మీ తాళ్లకు మోకాలి ఎత్తున తెల్ల గుడ్డ పీలికలు కట్టండి.

మేకులు కొట్టడం పెద్ద చప్పుడు. చలికాలం చెల్క నేల గట్టిపడి ఇనుప మేకు అంగుళం దిగడానికి పది దెబ్బలు పడుతుంది. ఇనుము మీద ఇనుము కొడితే ఆ మోత చాలా దూరం పోతుంది. మేకు దిగవలసిన చోట గుంటలాగా గీసి అర లీటరు నీళ్లు పోయండి. పది నిమిషాలు ఆగితే పై పొర మెత్తబడుతుంది. తర్వాత మేకును వాలుగా పెట్టి మడమతో తొక్కి, చివరికి రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు కొడితే చాలు. రబ్బరు సుత్తి లేకపోతే మేకు తల మీద నాలుగు మడతల గుడ్డ వేసి కొట్టండి. పరుపుబండ మీద మేకు ఎట్లాగూ దిగదు. అక్కడ తాడును రాయికి చుట్టి, దాని మీద ఇంకో బరువైన రాయి ఆనించాలి. జలాశయం ఒడ్డు ఒండ్రులో, ఇసుకలో మేకు నిలవదు. సంచిలో ఇసుక నింపి తాడు కట్టి పాతిపెట్టండి.

చాలామందికి తెలియని చప్పుడు ఇంకొకటుంది: గాలికి టెంటు పైగుడ్డ కొట్టుకోవడం. లోపలివాళ్లు అలవాటుపడి పడుకుంటారు, పక్కవాళ్లు రాత్రంతా వింటారు. నైలాన్ గుడ్డ మంచుకు తడిసి సాగుతుంది. సాయంత్రం బిగించిన తాళ్లు పదికల్లా వదులవుతాయి. పడుకునే ముందు ప్రతి తాడూ మరోసారి బిగించడం అలవాటు చేసుకోండి. గుడ్డ మీద వేలితో కొడితే ముడత లేకుండా ఎగిరిపడాలి. మడత పడుతుంటే ఇంకా వదులుంది. టెంటుకు వేలాడే బకిల్స్, ఖాళీ పట్టీలు ముడివేయండి.

గాలి పరుపుకు మోటారు పంపు వాడితే ఆరు లోపు ఊదేయండి. దాని కూత గుడిసెల దాకా పోతుంది. గాలి పోయి అర్ధరాత్రి మళ్లీ ఊదవలసి వస్తుందని అనుమానముంటే నురుగు చాప తెచ్చుకోవడం నయం.

బండి

రిమోట్‌తో తాళం వేసిన ప్రతిసారీ కూత, ఇండికేటర్ల మెరుపు. సామాను కోసం పదిసార్లు బండి తెరిస్తే ఇరవై కూతలు. రాత్రికి కావలసినవన్నీ, అంటే దుప్పట్లు, టార్చి, నీళ్లు, మందులు, చెప్పులు ఎనిమిది లోపు ఒకేసారి తీసి టెంటులో పెట్టండి. తర్వాత తలుపు తెరవాల్సి వస్తుందనుకుంటే తాళం వేయడం, తీయడం రెండూ రిమోట్‌తో కాకుండా తాళంచెవితోనే చేయండి. తలుపు విసిరి వేయకుండా, ఆనించి తుంటితో నెట్టితే క్లిక్ మని పడుతుంది. డిక్కీ తలుపును రెండు చేతులతో దించి చివరి అంగుళం నొక్కండి.

బండిలో ఎవరైనా పడుకుంటే బయటి నుంచి రిమోట్‌తో లాక్ చేయొద్దు. చాలా కార్లలో లోపలివాళ్లు తలుపు తీయగానే అలారం మోగుతుంది, నిద్రమత్తులో రిమోట్ దొరకదు. లోపలి నుంచి లాక్ మీట నొక్కుకోమనండి. బండి ముఖం టెంట్లకు కాకుండా బయటికి పోయే దారికి తిప్పి పెడితే, తెల్లవారుజామున బయలుదేరేటప్పుడు రివర్స్ కూత, హెడ్‌లైట్ల వెలుగు రెండూ తప్పుతాయి. బుల్లెట్ బండి అయితే చివరి వంద మీటర్లు ఇంజన్ ఆపి తోసుకుని రావడమే మేలు. సైలెన్సర్ మార్చిన బండి అయితే ఆ మాట రెండుసార్లు చెప్పాలి.

జనరేటర్ మాత్రం తేవద్దు. నాలుగు టెంట్ల కుటుంబానికి రాత్రి కావలసిన కరెంటు చాలా తక్కువ. 5 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు మూడు, ఐదు గంటలు వెలిగితే 75 వాట్-గంటలు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో పేరుకు 74 వాట్-గంటలున్నా మార్పిడిలో కొంత పోతుంది. అటువంటివి రెండుంటే దీపాలకు సరిపోయి ఫోన్లకూ కొంత మిగులుతుంది. కరెంటు మీద నడిచే వైద్య పరికరం ఉండి జనరేటర్ తప్పదంటే గాలి పోయే దిక్కున కనీసం 60 మీటర్ల అవతల పెట్టి, పొగగొట్టం మనుషులు లేని వైపు తిప్పాలి. చప్పుడు తగ్గుతుందని డబ్బాలో మూసిపెట్టడం, గుడ్డలు కప్పడం ప్రమాదం: వేడెక్కి అంటుకుంటుంది. టెంటు పక్కనే పెడితే విషవాయువు లోపలికి చేరుతుంది.

వంట, గిన్నెలు, కుక్కలు

కుక్కర్ విజిల్ ఇంట్లో ఎవరికీ పట్టదు, ఆరుబయట రాత్రి తొమ్మిదికి అందరికీ పడుతుంది. పప్పు, మాంసం ఇంటి దగ్గరే ఉడికించి తెచ్చుకుని వేడిచేసుకోండి, లేకపోతే ఏడు లోపు కుక్కర్ పని ముగించండి. విజిల్ రాకుండా వెయిట్ మీద గుడ్డ కప్పడం లాంటివి ఎప్పుడూ చేయకండి. అన్నం మామూలు గిన్నెలో గంజి వార్చి వండుకోవచ్చు. బిర్యానీ దమ్‌కు పెడితే చప్పుడే ఉండదు.

గిన్నెలు కడిగే మోత ఇంకో పేచీ. తొమ్మిది దాటితే కడగొద్దు. నీళ్లు పోసి నానబెట్టి, గిన్నెకు గిన్నెకు మధ్య పాత గుడ్డ పెట్టి మూత ఉన్న టబ్బులో పేర్చండి. మూత ఎందుకంటే అసలు గొడవ అర్ధరాత్రి మొదలవుతుంది. కోడి బొక్కలు, మిగిలిన అన్నం టెంట్ల పక్కన పారేస్తే ఊరకుక్కలు వస్తాయి. ఒకటొస్తే ఫరవాలేదు, రెండు గుంపులు కలిస్తే రెండింటికి పోట్లాట. అది చూసి మంద దగ్గరి కుక్కలు అందుకుంటాయి. తర్వాత ఎవరికీ నిద్ర ఉండదు, కారణం ఎవరో ఎవరికీ తెలియదు. మిగిలినదంతా గట్టి మూత డబ్బాలో వేసి, డబ్బాను బండిలో పెట్టి పడుకోండి. పూడ్చిపెట్టినా కుక్కలు, పందులు తవ్వుతాయి. మీ పెంపుడు కుక్కను తెస్తే పగలు బాగా నడిపించి, రాత్రి టెంటు లోపలే పడుకోబెట్టండి. బయట కట్టేస్తే ప్రతి అలికిడికీ మొరుగుతుంది.

పాటలు, ముచ్చట్లు

ఇరవై మంది ఒక్క వలయంగా కూర్చుంటే వలయం అడ్డం ఆరేడు మీటర్లవుతుంది. ఎదుటివాళ్లకు వినబడాలంటే అరవాల్సిందే. ఒకరు అరిస్తే పక్కన మాట్లాడేవాళ్లు తమ గొంతు వినబడటానికి ఇంకొంచెం పెంచుతారు. ఎవరూ కావాలని చేయరు, అరగంటలో అందరి గొంతులూ పెరిగిపోతాయి. అందుకే ఆరేడుగురికి ఒక జట్టు చొప్పున, మూడు మీటర్లకు మించని వలయాలుగా విడిపోండి. చాపలు దగ్గరదగ్గరగా వేస్తే చాలు, ఎవరికీ చెప్పనక్కర లేకుండానే గొంతులు తగ్గుతాయి.

సన్నగా పాట పెట్టుకుంటే ఏమవుతుందని అంటారు. పాట సన్నగానే ఉంటుంది, దాని మీద మాట్లాడే గొంతులు సన్నగా ఉండవు. పాట ఆపితే మాటలు వాటంతటవే దిగుతాయి. పాటలు తొమ్మిదిన్నరకు ఆపేయండి. అప్పటిదాకా కూడా స్పీకర్‌ను బండ మీద కాకుండా చాప మీద, మీ వలయం మధ్యలో పెట్టి, బాస్ పూర్తిగా తగ్గించండి. కీచుగా ఉండే స్వరాలు పొదలకు, గాలికి ఎక్కువ అరుగుతాయి. దరువు అంత సులువుగా అరగదు, దూరాన ఉన్నవాళ్లకు పాట వినబడకపోయినా దరువు వినబడుతుంది.

మీ చప్పుడు ఎంతో తెలుసుకోవడానికి ఫోన్‌లో డెసిబెల్ యాప్ ఉపయోగపడుతుంది గానీ అది చూపే అంకె కచ్చితమైనది కాదు. అంతకంటే నమ్మకమైన పని: మీలో ఒకరు లేచి పక్క టెంటు దాకా నడిచి నిలబడాలి. తొమ్మిదికి అక్కడ మీ మాటలు అర్థమవుతుంటే ఎక్కువ ఉన్నట్టు. గొణుగుడుగా వినబడితే ఫరవాలేదు. పది తర్వాత ఆ గొణుగుడు కూడా ఉండకూడదు. పెద్ద జట్టయితే ఈ పని ఒకరికి ముందే అప్పగించండి, ఆ మనిషి ఆ రాత్రి మందు ముట్టకపోతే మంచిది. మందు తాగినవాళ్లకు తమ గొంతు ఎంత పెరిగిందో తెలియదు.

పన్నెండు గంటలకు పుట్టినరోజు కేకు కోసే అలవాటు బాగా ముదిరింది. అందరూ మొదటి నిద్రలో ఉన్నప్పుడు అరుపులు, పేలే కాగితాల గొట్టాలు. కేకు ఎనిమిదిన్నరకు కోయండి, పన్నెండుకు ఒక్కరు మెల్లగా చెవిలో చెప్పండి. జనవరి 1 వచ్చే రాత్రి నిశ్శబ్దం కావాలనుకునేవాళ్లు అసలు టెంటు వేయకపోవడమే మంచిది; హుషారు కావాలనుకునేవాళ్లు ఊరికి, మందకు దూరమైన చోటు యజమానితో మాట్లాడి మొత్తంగా తీసుకోవాలి. నిర్వాహకులకు ఒక గమనిక: లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 దాటితే ఆరుబయట వాడకూడదు. సొంత స్థలంలో పెట్టిన సౌండ్ సిస్టమ్ అయినా స్థలం హద్దు దగ్గర ఆ ప్రాంత పరిమితికి 5 డెసిబెల్స్ మించకూడదు.

చీకటి పడ్డాక చేరితే

హైదరాబాద్ నుంచి సాగర్ 150 కిలోమీటర్లు. శుక్రవారం ఆఫీసు ముగించుకుని బయలుదేరితే పది దాటుతుంది. అట్లాంటప్పుడు టెంట్లకు వంద మీటర్ల ముందే హెడ్‌లైట్లు కిందికి దించి, బండి బయటే ఆపండి. ఒక్కరు దిగి నడిచి ఖాళీ చోటు చూసి రావాలి. తక్కినవాళ్లు బండిలోనే ఉండాలి. టెంటు, మేకులు, చాప ఒకే సంచిలో, డిక్కీలో అన్నిటికంటే పైన ఉంటే ఒక్కసారి తెరిస్తే సరిపోతుంది. హెడ్‌లాంప్‌ను ఎర్ర వెలుగులో పెట్టుకోండి. ఎదుటి టెంటు గుడ్డ మీద తెల్ల వెలుగు పడితే లోపల గదంతా వెలిగిపోతుంది. తనంతట తాను నిలబడే టెంటయితే నాలుగు మూలలా లోపల సామాను బరువు పెట్టి మేకులు తెల్లారి కొట్టుకోవచ్చు, గాలి లేని రాత్రయితేనే సుమా. ఆ రాత్రి వంట పెట్టుకోవద్దు. దారిలోనే తినేసి రండి.

డిసెంబర్ 13, 14 రాత్రుల్లో ఉల్కలు చూడటానికి వచ్చేవాళ్లకు మెలకువగా ఉండటమే పని. వాళ్లు టెంట్లకు దూరంగా చాపలు వేసుకుని, ఉల్క రాలినప్పుడల్లా కేక పెట్టకుండా ఉంటే ఇద్దరికీ సరిపోతుంది. వాళ్ల దగ్గర తెల్ల టార్చి వేయకపోవడం మనం చేయగలిగే మర్యాద. చీకటికి అలవాటుపడ్డ కండ్లు మళ్లీ కుదురుకోవడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది.

గురక, పసిపిల్లలు

గురక పెట్టేవాళ్లు తమ టెంటును వరుస చివర వేసుకుంటే సగం సమస్య తీరుతుంది. పక్కకు తిరిగి పడుకోవడం, ఆ రాత్రికి మందు మానేయడం మిగతా సగం. నురుగు ఇయర్‌ప్లగ్‌లు నాలుగు జతలు ఎక్కువ తెచ్చి పక్కవాళ్లకు ఇవ్వండి. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి, లోపల పెట్టి ముప్పై సెకన్లు నొక్కి పట్టాలి. ఊరికే దూరిస్తే పనిచేయవు.

పసిపిల్ల ఏడిస్తే ఎవరూ తప్పు పట్టొద్దు. తల్లిదండ్రులు బిడ్డను ఎత్తుకుని బండిలో కూర్చుంటే అద్దాలు చప్పుడును బాగానే ఆపుతాయి. కాస్త పెద్ద పిల్లలకు మాత్రం ఎనిమిదికి ఆటలు ఆపాలని పగలే చెప్పి ఉంచాలి.

పక్కవాళ్లకు చెప్పడం

మాట పొద్దు ఉండగానే కలపండి. టీ పెట్టుకున్నప్పుడు ఒక గ్లాసు వాళ్లకూ ఇచ్చి, "మా దాంట్ల చిన్న పిల్లలున్నరన్నా, పదింటికి పండుకుంటం" అంటే అయిపోయింది. అట్లా పరిచయమైనవాళ్లు రాత్రి తమంతట తామే తగ్గుతారు.

అప్పటికీ తగ్గకపోతే పదికే వెళ్లండి, పన్నెండు దాకా పళ్లు బిగబట్టుకుని ఉండొద్దు. అప్పటికి మీకు కోపం, వాళ్లకు మత్తు ఎక్కి ఉంటాయి. ఒక్కరే వెళ్లాలి, ఇద్దరికి మించితే కొట్లాటకు వచ్చినట్టుంటుంది. టార్చి నేల మీదికి పెట్టి, పదడుగుల దూరం నుంచే "అన్నా!" అని పిలవండి. చీకట్లోంచి ఉన్నట్టుండి మీద నిలబడితే ఎవరైనా ఉలికిపడతారు. ఏం కావాలో కచ్చితంగా అడగండి: "తమ్మీ, జర పాటలు బంద్ చేస్తరా? ముచ్చట్లు పెట్టుకోన్రి, దానికేం లేదు. ఆ అవతల మంద కూడ ఉన్నది, గొర్లు బెదురుతున్నయ్." మీ నిద్ర కంటే మంద మాట, పిల్లల మాట త్వరగా పనిచేస్తుంది, అవి నిజమైనప్పుడే చెప్పండి. ఆడవాళ్లున్న జట్టయితే మీ వైపు నుంచి ఒక అక్కో, చెల్లెలో వెళ్లి వాళ్లతో మాట్లాడితే ఇంకా తేలిక. వాళ్లు ఊ అన్నాక థ్యాంక్స్ చెప్పి వచ్చేయండి, తగ్గిస్తారా లేదా అని అక్కడే నిలబడొద్దు.

రెండోసారి మీరు పోవద్దు. చోటు చూసుకునే మనిషి ఉంటే అతన్ని పంపండి. ఎవరూ లేకపోయి, తాగి బెదిరింపులకు దిగితే వాదించకుండా టెంటు మార్చుకోండి, లేదా బండిలోకి చేరి 112కు ఫోన్ చేయండి.

నల్లమల అంచున

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డులో మన్ననూరు దాటాక లెక్క వేరు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. సొంతంగా ఎక్కడపడితే అక్కడ టెంటు వేయడం, మంట పెట్టడం కుదరదు. అనుమతి ఉన్న బసలోనే ఉండాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా శ్రీశైలం రోడ్డు మీద బండ్లను పోనివ్వరు కాబట్టి ఆలస్యంగా చేరే ఆలోచన పెట్టుకోవద్దు. అక్కడ పక్కవాళ్లు చెంచు పెంటల్లో, అంటే గూడేల్లో ఉండేవాళ్లు, ఎలుగుబంట్లు, దుప్పులు. స్పీకర్ సంచిలోంచే తీయకండి. దుప్పి అరుపు, కొండముచ్చు హెచ్చరిక వినబడితేనే చిరుత కదిలిందని తెలుస్తుంది, అది మీ భద్రతకు కూడా పనికొస్తుంది.

తెల్లవారుజాము

సూర్యోదయం చూడటానికి లేచేవాళ్లు అలారం పెట్టుకోకుండా ఫోన్‌ను వైబ్రేషన్‌లో దిండు కింద పెట్టుకోండి. తోడు లేపాల్సినవాళ్లను పేరుపెట్టి పిలవకుండా టెంటులోకి చెయ్యి పెట్టి తట్టండి. అన్నిటికంటే ఎక్కువ లేపేది ప్లాస్టిక్ కవర్ల గరగర. బట్టలు, తిండి గుడ్డ సంచుల్లో సర్దుకుంటే ఆ బాధ లేదు. తెల్లారగట్ల పోయేవాళ్లు రాత్రే తొంభై శాతం సర్దేసి, టెంటును మడత పెట్టకుండా చుట్టి డిక్కీలో వేసుకుని, దారిలో టీ కొట్టు దగ్గర మడిచుకోవచ్చు. ఇంజన్ వేడెక్కాలని ఐదు నిమిషాలు ఊరికే తిప్పొద్దు, స్టార్ట్ చేసి మెల్లగా కదిలితే ఇప్పటి బండ్లకు చాలు.

పోయే ముందు చేను యజమానినో, కాపరినో కలిసి రాత్రి ఏమన్నా ఇబ్బంది అయిందా అని అడగండి. గొర్రె తప్పిపోయిందంటే వెతకడానికి ఒక గంట వెచ్చించండి. మళ్లీ వచ్చేటట్టయితే ఆయన ఫోన్ నంబరు తీసుకుని, మంద ఎప్పుడు ఏ చేనిలో ఉంటుందో ముందే కనుక్కుని టెంటు దానికి దూరంగా వేయండి.